అందానికి అంకెలు వేసేదెలా?

2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా చక్రాల స్కేట్ల మీద రెండు కాంస్యాలు గెలిచాడు, ఒకటి ఒంటరిగా, మరొకటి అవనీ పాంచాల్‌తో జంటగా. నున్నటి నేల మీదైనా, మంచు మీదైనా ఈ కళాత్మక స్కేటింగ్‌లో గెలుపును గడియారం తేల్చదు, జడ్జీలే తేల్చాలి. పేచీ అక్కడే. ఐస్ డాన్స్‌లో అయితే మరీను: పెద్ద గెంతులుండవు, భాగస్వామిని తలపైకి ఎత్తకూడదు, అడుగుల కూర్పే ప్రాణం. 1984 సరయేవో ఒలింపిక్స్‌లో ఐస్ డాన్సర్లు టోర్విల్, డీన్ జంటకు కళాత్మకత కింద తొమ్మిది మంది జడ్జీలూ పూర్తి 6.0 వేశారు. ఎందుకో చెప్పాల్సిన పని వాళ్లకు లేదు.

2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జడ్జీల ఓట్ల మార్పిడి ఆరోపణలు రచ్చకెక్కాక, 2004లో ఆ 6.0 పద్ధతిని మార్చారు. ఇప్పుడు ప్రతి అంశానికీ మూల విలువ, దానిపై మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా నాణ్యత మార్కు, కూర్పుకు వేరే మార్కు. ఒంటికాలిపై గిర్రున తిరుగుతూ సాగే ట్విజిల్‌లో ఇద్దరి లయ తప్పితే కోత పడుతుంది. దీంతో నృత్యాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయని విమర్శ. నిజమే, పాయింట్లెక్కడుంటే కూర్పు అటే వంగుతుంది. అయినా పాతదే మేలనలేం. మార్కులు విడివిడిగా కనిపిస్తేనే తూకం ఎక్కడ తప్పిందో నిలదీయొచ్చు. సవరించాల్సింది కూర్పు మార్కునే: అక్కడ జడ్జీ కారణం రాయాల్సిన పని ఇప్పటికీ లేదు.