నోటు తిరగరాస్తే లెక్క మారుతుంది

శ్రేఢులంటే పదో తరగతి పిల్లలు బెదిరిపోతారు. ఆ పాఠం ఇంట్లో ప్రాంసరీ నోటు మీదే ఉంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెస్తే బాకీ ఏడాదికి 12,400, రెండేళ్లకు 14,800, మూడేళ్లకు 17,200. ఏటా కలిసేది 2,400. ఇదే అంకశ్రేఢి.

మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది. అందుకని ఆలోగా తిరగరాయిస్తారు. ఇప్పుడు అసలే 17,200! వడ్డీకి వడ్డీ మొదలు. ఆరేళ్లకు 29,584, తొమ్మిదేళ్లకు 50,884. నోటు మారినప్పుడల్లా బాకీ 1.72 రెట్లు. ఇది గుణశ్రేఢి.

బారువడ్డీయే నడిస్తే తొమ్మిదేళ్లకు 31,600. తేడా 19,284 రూపాయలు. తిరగరాసే రోజున వడ్డీ 7,200 కట్టేస్తే కొత్త నోటు మళ్లీ 10,000కే. డబ్బు ఆడకనే చాలామంది 17,200కు సంతకం పెడతారు.