చెట్టు కింద నిలబడినవాళ్లు

1858లో డేవిడ్ లివింగ్‌స్టన్ జాంబెజీ నది మీదుగా ఆఫ్రికా లోపలికి బయల్దేరినప్పుడు, ఆయన వెంట జాన్ కిర్క్ అనే స్కాట్లండ్ యువ వైద్యుడు ఉన్నాడు. జ్వరాలకు మందివ్వడంతోపాటు మొక్కలు సేకరించడమూ కిర్క్ పనే. ఆకునూ పువ్వునూ కాగితాల మధ్య అదిమి, బూజు పట్టకుండా కాగితాలు మారుస్తూ ఆరబెట్టి బ్రిటన్‌కు పంపాలి. 1860లో కెబ్రబాసా సుడుల్లో పడవ తిరగబడి అతని రాతలూ, గీసిన బొమ్మలూ ఏట్లో పోయాయి. అయినా పని మానలేదు. ఆ కష్టం చిన్నది కాదు. కానీ ఇలాంటి యాత్రలను ఒంటరి సాహసి ఎవరికీ తెలియని మొక్కను కనిపెట్టిన కథలుగా చెప్పుకోవడం తప్పు. కిర్క్ వెళ్లేసరికే ఆ మొక్కకు పేరుంది, దాన్ని వాడే పద్ధతీ ఉంది.

ఇందుకు కొంబే తీగే సాక్ష్యం. ఇప్పటి మలావీ ప్రాంతంలో, షిరే నది ఒడ్డు వేటగాళ్లు బాణాలకు ఒక విషం పూసేవారు. అది ఏ మొక్క నుంచి వస్తుందో కిర్క్ ఎంత అడిగినా, ప్రతిసారీ వేరే మొక్కేదో తెచ్చి చూపించారు. ఒకరోజు చిబిసా అనే ఊళ్లో, ఎత్తైన చెట్టు మీదికి పాకిన తీగ ఒకటి కాయలతో కనిపించింది. కోసిపెట్టమంటే ఎవరూ ముందుకు రాలేదు. చివరికి కిర్క్ తానే చెట్టెక్కాడు. అప్పుడు కింద ఉన్నవాళ్లకు భయం వేసింది. రసం గాయానికో నోటికో తగిలితే చస్తాడని జాగ్రత్త చెప్పారు, ఇదే కొంబే అని ఒప్పేసుకున్నారు. అన్నాళ్లూ దాచిన రహస్యాన్ని ఒక పరాయివాడి ప్రాణం కోసం బయటపెట్టారు. ఈ యాత్రలో జేబులోని విషం పళ్ల బ్రష్షుకు అంటి కిర్క్ నాడి నెమ్మదించిన సంగతినే జనం ఎక్కువగా చెప్పుకుంటారు. నా దృష్టిలో ఈ చెట్టు దగ్గరి సంగతే పెద్దది.

చెట్టెక్కింది కిర్కే కదా, అంతకుముందు సియెర్రా లియోన్‌లో అలాంటి మొక్కను చూసి ఉండబట్టే ఆ తీగ అతని కంటపడింది కదా అనవచ్చు. నిజమే. ఆ నమూనా లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి చేరకపోతే అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు డేనియల్ ఆలివర్ దాన్ని వర్ణించేవాడు కాదు. ఎడిన్‌బరోలో వైద్య పరిశోధకుడు థామస్ ఫ్రేజర్ ఏళ్ల తరబడి పరీక్షించి, దాని సారం బలహీనపడ్డ గుండెకు మందుగా పనికొస్తుందని 1885లో వైద్యుల ముందు పెట్టకపోతే అది బాణం మొననే ఉండిపోయేది. విషానికీ మందుకూ మధ్య ఉన్న కొలత తేల్చింది ప్రయోగశాలే. ఆ ఘనత వాళ్లదే. అయితే వేల మొక్కల్లో దేన్ని పరీక్షించాలో ప్రయోగశాలకు తెలిసిందెలా? వేటగాళ్ల వల్లే. వాళ్లకు తెలిసింది ఊరికే ‘ఇది విషం’ అన్న ముక్క కాదు. బాణం తగిలిన జంతువులో గాయం చుట్టూ ఉన్న మాంసం కోసి పారేసి, మిగతాది వండుకు తినేవారు. ఆ విషం రక్తంలో కలిస్తే చంపుతుంది, కడుపులోంచి ఒంటికి పట్టేది చాలా తక్కువ. తర్వాత వైద్యులు ఆ మందును నరం ద్వారా ఎక్కించడానికి కారణమూ ఇదే. గన్నేరు ఎరిగిన మనకు ఇది వింతగా తోచనక్కర్లేదు. గన్నేరూ కొంబే కుటుంబంలోదే, దాని విషం పట్టేదీ గుండెనే.

ఆ వేటగాళ్లు ఎండిన నమూనాలు దాచలేదు, పుస్తకాలు రాయలేదు, కాబట్టి వాళ్లకు తెలిసినదాన్ని శాస్త్రం అనలేమంటారు కొందరు. శాస్త్రం అనకపోయినా ఫర్వాలేదు. కానీ పదేపదే వాడి, ఫలితం చూసి, తరువాతి తరానికి నేర్పిన జ్ఞానాన్ని ‘అడవి మనుషుల అలవాటు’ అని తీసిపారేయడం చరిత్రను సగమే చెప్పడమవుతుంది. ఆలివర్ ఆ పొరపాటు చేయలేదు. ఊరివాళ్ల మాటనే నిలిపి మొక్కకు స్ట్రోఫాంథస్ కొంబే అని పేరు పెట్టాడు. చెట్టు కింద నిలబడి కిర్క్‌ను హెచ్చరించినవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఈ గుండె మందు చరిత్రను ఇకపై ఎవరు రాసినా ఎడిన్‌బరో ప్రయోగశాలతో కాకుండా, షిరే ఒడ్డున ఆ చెట్టు దగ్గర మొదలుపెట్టాలి.