నీలి మొక్క - రక్తకణాల పరిణతి

నీలి అనగానే మనకు అద్దకపు తొట్లు, ఒకప్పుడు కడప, నెల్లూరు సీమలలో విస్తారంగా సాగిన నీలి పంట జ్ఞాపకం వస్తాయి. ఆ రంగుకూ, రక్త క్యాన్సరని మనం పిలిచే ల్యుకీమియాకూ సంబంధమేమిటని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. ఆ సంబంధాన్ని వివరించడమే ఇక్కడ మా ఉద్దేశం.

ఎముకల మూలుగలో రక్తకణాలు నిరంతరం పుడుతూ ఉంటాయి. లేత కణం క్రమంగా పరిణతి చెంది, తెల్లకణమై రోగక్రిములతో పోరాడి, ఆయువు తీరగానే నశిస్తుంది. తీవ్ర ల్యుకీమియాలో ఈ క్రమం నడుమనే ఆగిపోతుంది. పిలకలు వేయడమే గాని వెన్ను తీయని పైరు వలె, లేత కణాలు లేతగానే ఉండి సంఖ్యలో మాత్రం పెరుగుతాయి. మంచి కణాలకు చోటు చాలక రోగి పాలిపోతాడు. జ్వరము, రక్తస్రావము కలుగుతాయి.

ఆ కణాలను తీవ్రమైన మందులతో చంపడం ఒక మార్గం. కాని వాటితోపాటు మంచి కణాలు కూడా నశిస్తాయి. వాటిని పరిణతికి తేవడం రెండవ మార్గం. పరిణతి చెందిన కణం ఇక విభజన చెందదు. ఇది కేవలం ఊహ కాదు. షాంఘై వైద్యులు ఒక రకపు తీవ్ర ల్యుకీమియా గల 24 మందికి ఏ విటమిను సంబంధమైన రెటినోయిక్ ఆమ్లమిచ్చి, అందరిలోను వ్యాధి ఉపశమించినదని 1988లో ప్రకటించారు. అయితే ఆ మందు ముఖ్యంగా ఆ ఒక్క రకానికే పనిచేస్తుంది. కనుకనే ఇతర మందుల కోసం శాస్త్రజ్ఞులు మొక్కలను కూడా పరిశోధిస్తున్నారు.

చైనాలో దీర్ఘకాలిక ల్యుకీమియాకు 11 దినుసుల సంప్రదాయ ఔషధమొకటి వాడుకలో ఉండేది. దాని గుణం ప్రధానంగా నీలి చూర్ణంలోనే ఉన్నదని పరిశోధకులు గ్రహించారు. ఆ చూర్ణంలోనూ పనిచేసేది నీలి రంగు కాదు. స్వల్పంగా ఉండే ఇండిరూబిన్ అనే ఎర్రని పదార్థం. రెండింటి అణువులలోను 16 కార్బను, 10 హైడ్రోజను, 2 నైట్రోజను, 2 ఆక్సిజను పరమాణువులే ఉన్నవి; అమరిక మాత్రమే వేరు. కణవిభజనను నడిపించే ఎంజైములను ఇండిరూబిన్ అడ్డుకొంటుందని 1999లో వెల్లడైనది.

కాని అది నీటిలో కరగదు, ఒంటికి సరిగా పట్టదు. కడుపునొప్పి, విరేచనాలు కలిగిస్తుంది. అందువలన రసాయన శాస్త్రజ్ఞులు అవే పరమాణువులు మరొక విధంగా అమరిన ఐసోఇండిగోను తీసుకొని, నైట్రోజను నంటియున్న ఒక హైడ్రోజనుకు బదులు మిథైల్ సముదాయాన్ని చేర్చారు. ఆ విధంగా మెయిసోఇండిగో ఏర్పడినది. చైనా వైద్యులు దీనిని దీర్ఘకాలిక ల్యుకీమియాలో వాడారు. ప్రయోగశాలలో పెంచిన తీవ్ర ల్యుకీమియా కణాలు దీని ప్రభావం వలన విభజన మాని పరిణతి వైపు మళ్ళినవి. గాజు పాత్రలో కనిపించిన ఈ గుణం రోగి శరీరంలో కూడా నిలుస్తుందా అన్నదే అసలు పరీక్ష.

ఇంతమాత్రాన నీలి ఆకు నూరి త్రాగవచ్చునని ఎవరూ భావించరాదు. పెద్దప్రేగు పుండ్లకు నీలి చూర్ణం సేవించిన కొందరిలో ఊపిరితిత్తుల రక్తనాళాలలో పీడనం పెరిగినదని జపాను ప్రభుత్వం 2016లో హెచ్చరించినది. ఆకుకూ ఔషధానికీ మధ్య దూరం చాలా ఉన్నది. ఇంటిలో ఎవరికైనా విడువని జ్వరము, పాలిపోవడము, చిగుళ్ళ నుండి రక్తము కనిపించినపుడు ఆకు పసరు వెదకక, వెంటనే వైద్యుని చూచి రక్తపరీక్ష చేయించడమే కర్తవ్యం.