గుండె సంగతి రక్తం చెబుతుంది

నడిస్తే ఆయాసం. ఛాతీలో బరువు. చెమటలు. కాసేపు కూచుంటే తగ్గిపోతుంది. "గ్యాసేలే" అనుకుని చాలామంది ఆడవాళ్లు మళ్లీ పనిలో పడతారు. అది గ్యాసు కావచ్చు. గుండెజబ్బు కూడా కావచ్చు.

గుండె ఒళ్లంతటికీ రక్తం పంపుతుంది. గుండెకూ రక్తం కావాలి. ఆ రక్తం తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకుంటుంది. పంట కాలువలో పూడిక చేరినట్టే. కాలువ పూడితే చివరి మడికి నీరందదు. నాళం పూడితే గుండెకు రక్తం చాలదు.

ఈ పూడిక ఏళ్ల తరబడి చేరుతుంది. పైకి కనపడదు. కానీ పూడికను పెంచే వాటిని రక్తంలో కొలవవచ్చు.

చక్కెర : పరగడుపున 100 లోపు ఉండాలి. 126 గాని, ఆ పైన గాని ఉంటే మళ్లీ పరీక్ష చేసి షుగరు జబ్బు ఉందో లేదో తేలుస్తారు.

కొలెస్ట్రాల్ : ఇది ఒక రకం కొవ్వు. ఇందులో చెడ్డదీ ఉంది, మంచిదీ ఉంది. చెడ్డది నాళాల్లో పేరుకుంటుంది. అది తక్కువ ఉండాలి. మంచిది ఆడవాళ్లకు 50కి తగ్గకూడదు.

ఈ సంగతి ఎలా తెలిసింది? అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరుంది. 1948లో డాక్టర్లు అక్కడివారిని పరీక్షించడం మొదలుపెట్టారు. మొత్తం 5,209 మంది చేరారు. సగానికి పైగా ఆడవాళ్లే. ఏళ్ల తరబడి చూశారు. కొలెస్ట్రాల్, బి.పి. ఎక్కువ ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వస్తుందని 1961లో చెప్పారు.

ముట్లు ఆగిపోయాక ఆడవాళ్లకు ఈ ముప్పు పెరుగుతుంది. షుగరు, బి.పి. ఉంటే మరీ ఎక్కువ.

అయితే ఒక మాట. ఈ పరీక్షలు ముప్పు ఎంతో చెబుతాయి. పూడిక ఎక్కడుందో చెప్పవు. అంకెలు బాగున్నా ఛాతీ నొప్పి వస్తే డాక్టరుకు చూపించుకోవాలి.

గుండెపోటు అనుమానం వస్తే ఇ.సి.జి. తీస్తారు. రక్తంలో ట్రోపోనిన్ పరీక్ష చేస్తారు. గుండె కండ దెబ్బతింటే ట్రోపోనిన్ పెరుగుతుంది. మొదటిసారి మామూలుగానే ఉండవచ్చు. అందుకే కొన్ని గంటలకు మళ్లీ చేస్తారు. "బాగుందన్నారుగా" అని మధ్యలో ఇంటికి వచ్చేయకూడదు.

ఛాతీ నొప్పి తగ్గకపోయినా, నొప్పి దవడకు, వీపుకు, చేతికి పాకినా ఆలస్యం వద్దు. వెంటనే 108కి ఫోను చేయాలి.

ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ఆస్పత్రికి తీసుకుపోయేది అమ్మే. తన రక్తం మాత్రం చూపించుకోదు. ఇకమీదట చూపించుకోవాలి. రిపోర్టు చేతికి వచ్చాక అందులోని అంకెలు తానే చదువుకోవాలి. ఇప్పుడు చదువు వచ్చుగా!