పొదుగువాపు గుట్టు పాలలోనే!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో వాన మొహం చాటేసినా, టమాటా ధర పడిపోయినా ఇల్లు గడిపేది పాడే. అలాంటి ఇంట్లో ఆవుకు పొదుగువాపు వచ్చిందంటే రైతు కుదేలే. ఒక చన్ను ఎండిపోతే ఆ ఈతలో పాలు పోవడమే కాదు, సంతకు తోలుకుపోయినా సగం ధర పలకదు.

వెన్నశాతానికి పుంగనూరు పొట్టి ఆవు పెట్టింది పేరు. అయితే పాలకేంద్రాలకు చేరేవి ఎక్కువగా హెచ్‌.ఎఫ్‌., జెర్సీ సంకరజాతి ఆవుల పాలే. ఎక్కువ పాలిచ్చే ఆవులకే ఈ జబ్బు బెడద కూడా ఎక్కువ.

కనిపించని నష్టం

పొదుగు ఎర్రబడి గట్టిపడినా, పాలలో విరుగుళ్లు, రక్తపు జీరలు వచ్చినా ఎవరికైనా జబ్బు తెలిసిపోతుంది. చిక్కంతా గుప్త పొదుగువాపుతోనే. పొదుగు మామూలుగానే ఉంటుంది, పాలు తెల్లగానే ఉంటాయి. పూటకు అర లీటరో, లీటరో తగ్గుతాయంతే. మేత చాలలేదేమోనని రైతు సరిపెట్టుకుంటాడు. ఈలోగా జబ్బు ముదిరిపోతుంది.

ఈ జబ్బుకు ముఖ్యంగా స్టెఫైలోకాకస్‌, స్ట్రెప్టోకాకస్‌, ఇ.కోలై అనే సూక్ష్మక్రిములు కారణం. పేడ, మూత్రం నిండిన నేల నుంచి ఇ.కోలై వచ్చి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. స్టెఫైలోకాకస్‌ ఆరియస్‌ అలా కాదు. పాలు పిండే చేతుల ద్వారా ఒక ఆవు నుంచి మరో ఆవుకు పాకి, పొదుగు లోపల నక్కి నెలల తరబడి సతాయిస్తుంది.

పొదుగులో ఏం జరుగుతుంది?

క్రిమి లోపలికి రాగానే పొదుగు కణాలు ప్రమాద సంకేతం పంపుతాయి. రక్తంలోని తెల్లకణాలు అక్కడికి పరుగెత్తి క్రిములతో పోరాడతాయి. ఆ పోరాటం అవసరమే. కానీ శ్రుతి మించితే పాలు తయారుచేసే కణాలే దెబ్బతింటాయి. దాన్ని అదుపులో ఉంచే వాటిలో 'మైక్రో ఆర్‌ఎన్‌ఏ' ఒకటి.

డ్రిప్పు పొలంలో గేట్‌వాల్వు తిప్పితే నీరు తగ్గుతుంది గదా! ఇదీ అంతే. కణంలో ఏ మాంసకృత్తు తయారు కావాలో చెప్పే చీటీలు ఉంటాయి. సుమారు 22 అక్షరాల పొడవుండే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఆ చీటీని పట్టుకుని, 'ఇక చాలు' అని ఆపేస్తుంది. 1993లో ఒక చిన్న పురుగులో దీన్ని మొదట కనుగొన్నారు. అందుకు విక్టర్‌ ఆంబ్రోస్‌, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్‌ బహుమతి లభించింది.

ఆవు పొదుగులో దీని పని మీద చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి. 2013లో ఐర్లండ్‌ శాస్త్రవేత్తలు పొదుగు కణాలకు స్ట్రెప్టోకాకస్‌ యూబెరిస్‌ క్రిమిని సోకించి చూడగా, ఆరు గంటల్లోనే 21 రకాల మైక్రో ఆర్‌ఎన్‌ఏల మోతాదు మారింది. ఇ.కోలై తగిలితే ఒక తీరుగా, స్టెఫైలోకాకస్‌ తగిలితే మరో తీరుగా ఇవి మారతాయని 2014లో కెనడా పరిశోధనలో తేలింది. 146ఎ అనే రకం వాపుకు కళ్లెం వేస్తుంది. 223 అనే రకం తెల్లకణాల్లో దండిగా ఉంటుంది. స్టెఫైలోకాకస్‌ సోకిన ఆవు పాలలో ఇది పెరుగుతున్నట్టు 2018లో వెల్లడైంది.

రైతుకేం లాభం?

పాలు విరగకముందే, చుక్క పాలతో జబ్బును, వీలైతే క్రిమి రకాన్ని కూడా పసిగట్టవచ్చన్నది శాస్త్రవేత్తల ఆశ. క్రిమి ఏదో తెలిస్తే సరైన మందు పడుతుంది, అనవసరపు యాంటీబయాటిక్‌ సూదులు తప్పుతాయి. అయితే ఈ పరీక్ష ఇంకా ప్రయోగశాల గడప దాటలేదు. అంతదాకా మన చేతిలో ఉన్న పద్ధతులే శరణ్యం.

ఇంటి దగ్గరే పరీక్ష

వంద మిల్లీలీటర్ల నీళ్లలో మూడు గ్రాముల బట్టల సబ్బుపొడి కలపాలి. ఒక్కో చన్ను పాలను వేరే గిన్నెలో పట్టి, అంతే కొలత సబ్బునీళ్లు పోసి తిప్పాలి. పల్చగా ఉంటే మంచిది. జిగురులా చిక్కబడితే తెల్లకణాలు పెరిగినట్టే, ఆ చన్నును అనుమానించాలి. పదిహేను రోజులకోసారి ఇలా చూసుకోవడం మేలు.

జాగ్రత్తలు

- కొట్టంలో పేడ, మూత్రం నిలవనీయకండి.
- పిండే ముందు చేతులు, పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడవండి.
- బొటనవేలు మడిచి పిండకండి, పిడికిలితో పిండండి.
- జబ్బు ఆవును చివర్న పిండండి. ఆ పాలు నేల మీద పిండవద్దు.
- పిండాక చనుమొనలను డాక్టరు చెప్పిన అయోడిన్‌ ద్రావణంలో ముంచండి. చనురంధ్రం మూసుకునేదాకా అరగంటసేపు పడుకోకుండా మేత వేయండి.
- వట్టిపోయే సమయంలో చన్నుల్లోకి ఎక్కించే మందు గురించి డాక్టరును అడగండి.

సొంతంగా ట్యూబులు కొని ఎక్కిస్తే, సగంలో ఆపేస్తే క్రిమి మొండిదవుతుంది. మందు వాడుతున్నన్నాళ్లు, ఆ తరువాత డాక్టరు చెప్పిన గడువు దాకా ఆ పాలు కేంద్రానికి పోయకూడదు, పిల్లలకు పట్టకూడదు. జబ్బు అనుమానం రాగానే దగ్గర్లోని పశువైద్యశాలకు వెళ్లండి. 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం కూడా వస్తుంది. చన్ను ఎండిపోయాక ఎంత ఖర్చుపెట్టినా పోయిన పాలు తిరిగి రావు.