పాత కారు బేరమా? ఎద్దును చూసినట్లు చూడండి!

హిందూపురం: సంతలో ఎద్దుల జతను కొనే రైతు రంగు చూసి డబ్బు తీయడు. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. వీలైతే కాడి కట్టించి కూడా చూస్తాడు. అదే రైతు కొడుకు పాత కారు కొనడానికి పోతే, తళతళలాడే రంగునూ ముందున్న కంపెనీ గుర్తునూ చూసి అడ్వాన్సు చేతిలో పెట్టి వస్తున్నాడు. ఆ తరువాత పెట్రోలు బంకు వద్ద కొంత, మెకానిక్ షెడ్డు వద్ద కొంత, ఆర్.టి.ఓ. ఆఫీసు వద్ద కొంత చెల్లించాక గాని ఆ బండి అసలు ధర తెలిసిరావడం లేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య కొలువులకూ వ్యాపారాలకూ నిత్యం తిరిగేవారు చాలామంది ఉన్నారు. ఈ మూడు ఊళ్లనూ కలుపుతూ రైలు మార్గం ఉన్నది, బస్సులూ ఉన్నవి. వేళలు కుదిరినవారికి వాటిని మించిన పొదుపు లేదు. కాని రాత్రి షిఫ్టు ముగించుకుని పల్లెకు చేరవలసినవారికి, చీరల మూటలతో నాలుగు ఊళ్లు తిరిగే ధర్మవరం వ్యాపారులకు సొంత బండి తప్పదు. ఉన్న పెద్ద బండిని అమ్మి వేరే కంపెనీ చిన్న పాత కారుకు మారితే మేలా? అటువంటి వారి ముందున్న ప్రశ్న ఇది.

కార్ల గడ్డ మీదే...

మన జిల్లాకు కార్లు కొత్తకాదు. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద జాతీయ రహదారి పక్కన కియా ఫ్యాక్టరీ పెట్టడానికి 2017 లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు మార్కెట్టుకు వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 5న ఫ్యాక్టరీ లాంఛనంగా ప్రారంభమైంది. ఏటా మూడు లక్షల కార్లు తయారు చేయగల శక్తితో ఇది మొదలైంది. 2023 జులైలో పది లక్షలవ కారు ఇక్కడినుంచి బయటికి వచ్చింది.

అయితే అక్కడ తయారైన సెల్టోస్, సోనెట్, కారెన్స్ వంటివి ఆల్టో తరగతి చిన్న బండ్లు కావు. ఫ్యాక్టరీ గేటు ముందునుంచి నిత్యం పోయేవాడైనా సరే, నెల జీతంలో ఇమిడే బండి కావాలంటే పాత కార్ల బేరానికే పోవలసి వస్తున్నది.

అంబాసిడర్ నాటి అభిమానం

“మా నాయన కాలం నుంచీ మాది ఫలానా కంపెనీయే” అనే మాట పల్లెల్లో తరచు వినిపిస్తుంది. ఈ అభిమానం పాతదే. ఒకప్పుడు కారంటే అంబాసిడర్, కాకుంటే పద్మిని. 1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 తాళాలు కొనుగోలుదారు చేతికి అందాయి. అంబాసిడర్ ఇంజను 1489 సి.సి. అయితే దీనిది 796 సి.సి. మాత్రమే. “ఇదేం కారు, అగ్గిపెట్టె!” అని నవ్వినవారే పెట్రోలు లెక్క చూసుకుని కొన్నేళ్లలో కంపెనీ మార్చారు. చివరకు 2014 లో అంబాసిడరూ ఆగిపోయింది, మారుతి 800 తయారీ కూడా నిలిచిపోయింది. కంపెనీల మీద మనకున్నంత మమకారం కంపెనీలకు తమ బండ్ల మీద లేదని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

కాగితం, పెన్సిలు తీయండి

మారాలా వద్దా అన్నది ఎవరినో అడగవలసిన పని లేదు. రోజుకు రానూ పోనూ 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగేవారు నెలకు 2,000 కిలోమీటర్లు నడుపుతారు. లీటరుకు పన్నెండున్నర కిలోమీటర్లు ఇచ్చే పెద్ద బండికి 160 లీటర్లు కావాలి. 20 ఇచ్చే చిన్న బండికి 100 లీటర్లు చాలు. లీటరు 110 రూపాయలు అనుకుంటే నెలకు 6,600 రూపాయలు, ఏడాదికి 79,200 రూపాయలు మిగులుతుంది. ఉన్న బండి అమ్మి వేరేది కొనడంలో బ్రోకరేజీ, పన్ను, రిపేరులు కలిసి 60 వేలు పోయినా, సుమారు తొమ్మిది నెలల పెట్రోలు పొదుపుతో అది తిరిగి వస్తుంది.

నెలకు 300 కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారికి లెక్క వేరు. వారికి మిగిలేది నెలకు వెయ్యి రూపాయల లోపే. అదే 60 వేలు తిరిగి రావాలంటే అయిదేళ్లు దాటుతుంది. అటువంటివారు ఉన్న బండికే సర్వీసు చేయించుకుని నడుపుకోవడం మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కంపెనీ ప్రకటించే మైలేజీ పరీక్షలో వచ్చినది. మన ఘాట్లలో, స్పీడు బ్రేకర్ల మధ్య అంత రాదు. పైగా 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దాదాపు అంతటా వచ్చింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ కనుక మైలేజీ కొంత తగ్గుతుంది. 2023 ఏప్రిల్‌కు ముందటి బండ్లలో చాలావరకు ఈ మిశ్రమం కోసం తయారైనవి కావు. పాత బండి కొనేవారు పెట్రోలు గొట్టాలు, రబ్బరు భాగాలు తప్పక చూపించుకోవాలి.

ముందు మెకానిక్కు, తరువాత కంపెనీ

ఏ కంపెనీకి మారాలన్నది నిర్ణయించే ముందు మీ ఊరి మెకానిక్కు వద్దకు వెళ్లండి. “ఈ బండి క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు హిందూపురంలో దొరుకుతాయా? ఎంతవుతుంది? పని నీకు తెలుసా?” అని అడగండి. దొరకని సామాను కోసం బెంగళూరుకు పోతే రెండు రోజుల పని చెడుతుంది. ఆల్టో, వ్యాగనార్ వంటి బండ్లు ఎక్కువగా అమ్ముడుపోవడానికి మైలేజీ ఒక్కటే కారణం కాదు. వాటి సామాను చిన్న ఊళ్లలోనూ దొరుకుతుంది, పని తెలిసిన చేతులూ ఉన్నవి. డీజిలు చవక అని పాత డీజిలు కారుకు పోయేవారు దాని పంపు, ఇంజెక్టర్ల రిపేరు ఖర్చు ముందే తెలుసుకోవాలి.

పళ్లు చూడడం ఇలా

పైన పటారం, లోన లొటారం అన్న సామెత పాత కార్లకు సరిగ్గా సరిపోతుంది. అందుకే పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు బండి చూడండి. అమ్మేవాడు ముందే స్టార్టు చేసి వేడెక్కించి ఉంచితే అనుమానించండి. పొగ నీలంగా వస్తే ఆయిలు కాలుతున్నదని అర్థం. తెల్లపొగ ఆగకుండా వస్తే రేడియేటరు నీరు ఇంజనులోకి పోతున్నదేమో చూపించాలి. ఆయిలు మూత తీసినప్పుడు లోపల మజ్జిగ నురగలాగా కనిపిస్తే ఆ బేరం వదులుకోవడమే మంచిది.

కిలోమీటర్ల మీటరును నమ్మకండి, దాన్ని వెనక్కి తిప్పగలరు. 30 వేలే తిరిగిందన్న బండికి పెడళ్ల రబ్బరు అరిగి, స్టీరింగు నున్నబడి ఉంటే కథ వేరే ఉన్నట్లే. టైరు పక్కన ఉండే నాలుగంకెలు దాని పుట్టిన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019 లో 23వ వారం అన్నమాట. సీటు కింద కార్పెట్టు ఎత్తి తుప్పు, బురద చూడండి. సీటు బెల్టు పూర్తిగా లాగి చివర మరకలున్నవేమో చూడండి. 2022 సెప్టెంబరులో బెంగళూరు వరదల్లో కార్లు నీట మునిగాయి. నీట మునిగిన బండి పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. లోపలి వైర్లు తరువాత ఒక్కొక్కటిగా చెడుతాయి.

కె.ఎ. నంబరు బండ్లు

బెంగళూరు దగ్గర గనుక అక్కడి బండ్లు ఇక్కడికి వస్తుంటాయి. ధర తక్కువగా కనిపిస్తుంది. కాని కర్ణాటక ఆర్.టి.ఓ. నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి. బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే మన రాష్ట్రపు నంబరు తీసుకోవాలి, ఇక్కడి జీవితకాల పన్ను కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు కోసం దరఖాస్తు పెట్టవచ్చు గాని తిరగడం తప్పదు. పన్ను, చలాన్ల బకాయి, తిరుగుడు ఖర్చు అన్నీ కలిపి చూశాకే చవకో కాదో తేల్చుకోవాలి. ఫైనాన్సు బాకీ ఉన్న బండి అయితే బ్యాంకు పత్రం, ఫారం 35 చేతికి రానిదే డబ్బు మొత్తం ఇవ్వకండి.

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. ఆపైన తనిఖీ చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఈ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేసింది. పదమూడేళ్ల బండి బేరమాడేటప్పుడు ఇది గుర్తుండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గింది. కొత్తదాని ధర తగ్గినప్పుడు పాతదాని ధరా తగ్గాలని అడగడం న్యాయమే.

అమ్మినవారికే అసలు ముప్పు

కొనేవారికన్నా తమ పాత బండి అమ్మినవారే ఎక్కువ జాగ్రత్త పడవలసిన విషయం ఒకటున్నది. తెల్ల కాగితం మీద రాసుకుని, తాళాలిచ్చి, డబ్బు తీసుకుని మరచిపోవడం మన పల్లెల్లో అలవాటు. ఆ బండి ఎక్కడో ఒకరిని గుద్దితే నోటీసు వచ్చేది పుస్తకంలో పేరున్నవారికే. రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉంటే పరిహారం విషయంలో వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018 లో స్పష్టం చేసింది. మిగిల్చుకున్న పెట్రోలు డబ్బు సంగతి అటుంచి, ఉన్న రెండెకరాలకే ఎసరు రావచ్చు.

అందుకే ఫారం 29, ఫారం 30 రెండూ నింపి ఆర్.టి.ఓ. ఆఫీసులో పేరు మార్పించాలి. రాష్ట్రంలోనే అమ్మినవారు 14 రోజుల్లోగా తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోగా తెలియజేయాలి. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లోగా కొన్నవారి పేరు మీదకు మార్చమని కోరాలి. పేరు మారేవరకు ధరలో కొంత మొత్తం చేతిలో ఆపుకోవడం కొనేవారికి మంచిది. కొన్నవారి ఆధారాల నకళ్లు దగ్గర ఉంచుకోవడం అమ్మినవారికి మంచిది.

మంచమున్నంత వరకే కాళ్లు చాపుకోవాలన్నారు పెద్దలు. నెలాఖరుకు ఇంట్లో నాలుగు రూపాయలు మిగిల్చే బండి ఏ కంపెనీదైనా గౌరవమైన బండే. బేరానికి పోయే రోజున మాత్రం మీ మెకానిక్కును వెంట తీసుకుని పొండి. ఆయనకిచ్చే కూలి ఆ బేరంలో అన్నింటికంటే చవకైన ఖర్చు.