అడవి మట్టి, అడవి ఆకు తెచ్చుకోవచ్చా? అమ్రాబాద్ అడవిలో నేను నేర్చుకున్నది



"జీవామృతంలోకి అడవి మట్టి వేస్తే బాగుంటుందట కదా, ఎక్కడి నుంచి తేవాలి?" అని చాలామంది ఫోన్లు చేసి అడుగుతున్నారు. ఆచ్ఛాదనకు అడవి ఆకులు ట్రాక్టర్‌తో తెచ్చుకోవచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈసారి వీడియో పొలంలో కాకుండా నల్లమలలో, మన్ననూరు నుంచి ఫరహాబాద్ వెళ్లే దారిలో తీశాం. ముందు నేను చేసిన తప్పు చెప్తాను, తర్వాత అసలు విషయానికి వస్తాను.

ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టిన కొత్తలో నాకూ ఆకుల పిచ్చి ఉండేది. ఒక ఏడాది మార్చిలో శ్రీశైలం నుంచి వస్తూ కారు ఆపి, రోడ్డు పక్కన మూడు బస్తాల ఆకు, ఒక బస్తా నల్లమట్టి నింపుకున్నాను. కొంచెం దూరం పోగానే ఒక చెంచు పెద్దాయన ఆపాడు. వేసవిలో మంటలు పడకుండా కాపలా కాసే వాచర్ ఆయన. కోప్పడలేదు. "గీ ఆకు నీ చేన్లకంటె ముందు గీ అడివికి గావాలె సారూ. నీకు ఆకు గావాలంటె నీ చేన్ల చెట్లు పెట్టుకో" అన్నాడు. నాలుగు బస్తాలూ తీసిన చోటే నాతో పోయించాడు. తలదించుకుని ఇంటికొచ్చాను. ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

ఆకు తీస్తే ఏమవుతుంది?

అడవి మట్టి నల్లగా, గుల్లగా ఎందుకుంటుంది? దాన్ని ఎవరూ దున్నరు, రాలిన ఆకును ఎవరూ ఎత్తరు. ఆ ఆకు కింద చెదలు, చీమలు, వానపాములు, బూజులు పని చేస్తుంటాయి. ఎలుగుబంటి ఆహారంలో చెదలు ముఖ్యమైనవి. అడవికోళ్లు ఆకును గీరి పురుగులు ఏరుకుంటాయి. ఆకు పొర ఉంటేనే వాన నీరు నేలలోకి ఇంకి వాగులోకి మెల్లగా దిగుతుంది. మనం పొలంలో ఆచ్ఛాదన అంటున్నది ఇదే కదండీ! పక్కవాడి చేను మీది ఆచ్ఛాదన ఎత్తుకొచ్చి మన చేనులో పరుచుకుంటే దాన్ని ప్రకృతి వ్యవసాయం అనలేం.

ఇంకో సంగతి. రిజర్వు ఫారెస్టు నుంచి అనుమతి లేకుండా మట్టి, ఆకు తీయడం నేరం. అడవి మీద ఆధారపడి బతికే చెంచులకు తేనె, గడ్డలు, ఇప్పపువ్వు లాంటివి సేకరించుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. అది వాళ్ల హక్కు. కారులో వచ్చిపోయే మనకు అది వర్తించదు.

అడవిని ఎలా చూసుకుంటారు?

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఉంది. ఇందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ఏరియా, మిగతా 445 బఫర్. కోర్ ఏరియాలో పర్యాటకానికి వాడే భాగం 20 శాతం మించకూడదని 2012లో జాతీయ స్థాయిలో మార్గదర్శకాలు వచ్చాయి. అంటే అడవి చాలావరకు జంతువులకే, మనకు ఒక మూల. వర్షాకాలంలో జులై నుంచి సెప్టెంబర్ వరకు సఫారీ ఉండదు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు వదలరు. "ఇదేం ఇబ్బంది" అని విసుక్కుంటాం గానీ, రాత్రిపూట రోడ్డు దాటే జంతువుకు ఆ తొమ్మిది గంటలే ఊపిరి.

వేసవిలో పెద్ద పని మంటలు. ఇది ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి నేలంతా ఎండుటాకు. ఆరకుండా పడేసిన బీడీ ముక్క, వంట చేసి వదిలేసిన పొయ్యి, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిన నిప్పు, వీటిల్లో ఏది చాలకపోయినా రెండోది చాలు. అందుకే ఎండలు ముదరకముందే రోడ్ల వెంట, హద్దుల వెంట ఫైర్ లైన్లు వేస్తారు. ఒక పట్టీ మేరకు ఆకును ఊడ్చేస్తారు, లేదా దగ్గరుండి కాలుస్తారు. మంట వస్తే అక్కడికొచ్చి ఆగాలి. బ్లోయర్‌తో ఆకు ఎలా ఊదుతారో వీడియోలో చూడండి. మంట ఎక్కడ పడిందో ఉపగ్రహం పసిగట్టి సిబ్బంది ఫోన్లకు మెసేజ్ వస్తుంది. కానీ అక్కడికి నడిచిపోయి పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేది మాత్రం మనుషులే.

ఎండాకాలం నీళ్ల కోసం సాసర్ పిట్లు కడతారు. పళ్లెంలా లోతు తక్కువగా ఉంటాయి కాబట్టి చిన్న జంతువు కూడా దిగి తాగి పైకి రాగలదు. మీ పొలం గట్టున పిట్టల కోసం తొట్టి కట్టేటప్పుడు కూడా ఇదే పద్ధతి పెట్టండి. నిలువు గోడల తొట్టిలో ఉడతలు, పిల్లపిట్టలు పడి చనిపోతుంటాయి.

మనం వెళ్తే అడవికి లాభమా, నష్టమా?

రెండూ ఉన్నాయి. సఫారీ బండి నడపడం, దారి చూపించడం, చెత్త ఏరడం, మంటల కాపలా, ఇవన్నీ స్థానికులకు పని ఇస్తే అడవి నిలబడితేనే వాళ్ల ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అప్పుడు కాపలా గట్టిగా ఉంటుంది. సలేశ్వరం జాతరే చూడండి. చైత్ర పౌర్ణమి సమయంలో ఏడాదికి కొద్ది రోజులే అడవి దారి తెరుస్తారు. లోయలోకి దిగి జలపాతం దగ్గర లింగమయ్యను దర్శించుకుంటారు. భక్తి మంచిదే. కానీ అది సరిగ్గా ఆకు ఎండి ఉన్న కాలం. నీళ్ల సీసా, అగ్గిపుల్ల అక్కడ వదిలితే ఆ పాపం ఎవరిది?

మన పొలానికి ఏం తెచ్చుకోవాలి?

1. ఎకరానికి జీవామృతం కావాలంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి. మట్టి గుప్పెడే! రసాయనాలు పడని మీ పొలం గట్టు మట్టి, పాత మర్రిచెట్టు కింది మట్టి చాలు. బస్తాలు అవసరం లేదు.

2. గట్ల మీద గిరిపుష్పం, కానుగ, వేప నాటండి. రెండు మూడేళ్లలో కొట్టిన రొట్టే ఆచ్ఛాదనకు వస్తుంది.

3. పంట కోశాక మోళ్లు, కొయ్యకాళ్లు కాల్చకండి. అడవిలో ఆకు కాలిస్తే మంటను ఆపడానికి కాలుస్తారు. మనం చేలో కాలిస్తే మన ఎరువే కాలిపోతుంది.

4. వీలుంటే ఒక మూల రెండు గుంటలు దున్నకుండా, ఏమీ చేయకుండా వదిలేయండి. మూడో ఏడు ఆ మట్టిని చేతిలోకి తీసుకుని చూడండి.

నేను ఆ పెద్దాయన మాట విని గట్లన్నీ గిరిపుష్పంతో నింపాను. ఇప్పుడు బయటి నుంచి ఆకు కొనాల్సిన పని లేదు. ఈసారి వీడియో తీయడానికి వెళ్లినప్పుడు ఆయన కోసం వెతికాను, కనపడలేదు. కనిపించి ఉంటే నా చేను ఫొటో చూపించేవాణ్ణి. అడవికి వెళ్లండి, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. ఖాళీ సంచులు మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లండి.